గేర్‌బాక్సు అడుగున ఒక బిరడా



పండుగ సంబరాలు, పిల్లల నాటకాలు, వీసా కబుర్లు వచ్చే పేజీల్లో గేర్‌బాక్సు ఆయిల్ గురించి ఎవరు చదువుతారండీ అని మా ఆవిడ ముందే హెచ్చరించింది. నిజమే. కానీ ఖతార్‌లో మనవాళ్ళలో చాలామందిమి సెకండ్ హ్యాండ్ బండ్లే నడుపుతాం. ఇండియా వెళ్ళిపోతున్న ఒక అన్నగారి దగ్గర కొంటాం, మనం వెళ్ళేటప్పుడు ఇంకో తమ్ముడికి అమ్ముతాం. అలా చేతులు మారే బండిలో ఎవరూ పట్టించుకోని భాగం ఒకటుంది. అది ఆటోమేటిక్ గేర్‌బాక్సు. దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో నేను నడిరోడ్డు మీద నేర్చుకున్నాను. అరచేతిలో ఇమిడే ఒక చిన్న బిరడా ఉంటే ఆ పాఠం తప్పేదని కూడా అప్పుడే తెలిసింది. ఆ కథా, దాని వెనక ఉన్న సాంకేతికమూ రెండూ చెబుతాను.

ముందుగా చిన్న మనవి. నేను మెకానిక్‌ని కాను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆఫీసులో డ్రాయింగులు చూసుకునే సివిల్ ఇంజనీరుని. కాబట్టి ఇది తెలిసినవాడు చెప్పే పాఠం కాదు, దెబ్బ తిన్నవాడు చెప్పే మాట.

కొన్నది, వాయిదా వేసింది

మేముండేది దోహాలో అల్ ముంతజా. సీ రింగ్ రోడ్డు పక్కన పాత అపార్ట్‌మెంట్లు, కింద కిరాణా కొట్లు, పార్కింగ్ కోసం రోజూ సాయంత్రం జరిగే యుద్ధం. ఇక్కడ ఉన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 2013లో అక్కడే ఒక తెలుగు కుటుంబం తిరిగి వెళ్ళిపోతుంటే వాళ్ళ అమెరికన్ ఎస్‌యూవీ కొన్నాను. 2006 మోడల్, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు ఎందుకులెండి, తప్పు బండిది కాదు.

కొన్న నెలలోనే ఇండస్ట్రియల్ ఏరియాలో, అదే మనమంతా సనయ్య అంటామే, అక్కడ ఒక గ్యారేజీకి తీసుకెళ్ళి ఇంజన్ ఆయిల్ మార్పించాను. పదిహేను నిమిషాల పని. పనిలో పనిగా గేర్ ఆయిల్ కూడా మార్చమన్నాను. మెకానిక్ కింద దూరి చూసి వచ్చి, "భాయ్, దీనికి డ్రెయిన్ ప్లగ్ లేదు. పాన్ మొత్తం విప్పాలి. ఆయిల్ ఒళ్ళంతా పడుద్ది, గాస్కెట్ కొత్తది కావాలి, సగం రోజు పని. గేర్ మామూలుగా పడుతోంది కదా, ఎందుకు కదిలించడం? ఇది జీవితకాలం ఆయిల్," అన్నాడు.

నాకు ఆ మాట తేనెలా వినిపించింది. సగం రోజు సెలవు పెట్టక్కర్లేదు, డబ్బు మిగిలింది. సరే తర్వాత చూద్దాం అనుకున్నాను. ఆ "తర్వాత" నాలుగేళ్ళు సాగింది.

ఇందులో మెకానిక్ తప్పు కంటే నా తప్పే ఎక్కువ. అయితే అసలు తప్పు ఇద్దరిలోనూ లేదని ఇప్పుడనిపిస్తుంది. చెయ్యడానికి చిరాకైన పని ఎవరూ చెయ్యరు. ఇంజన్ ఆయిల్ మనం వేళకు మారుస్తున్నామంటే బుద్ధిమంతులమై కాదు, దానికి కింద ఒక బోల్టు ఉంది కాబట్టి!

అసలు ఆ ఆయిల్ చేసే పనేమిటి?

మాన్యువల్ గేర్‌బాక్సులో ఆయిల్ పని పళ్ళచక్రాలు అరిగిపోకుండా చూడటం. ఆటోమేటిక్‌లో అలా కాదు, ఆ ఆయిలే సగం యంత్రం. ఇంజన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. ఇంజన్ శక్తి అందులోని ఆయిల్ ద్వారానే అవతలికి చేరుతుంది. గేరు మారాలంటే అదే ఆయిల్ ఒత్తిడితో వెళ్ళి క్లచ్ పలకల్ని నొక్కాలి. ఆ పలకలు ఎంత పట్టాలో, ఎంత జారాలో నిర్ణయించేది కూడా ఆయిల్‌లో కలిపిన మందులే. ఇవన్నీ చేస్తూ పుట్టిన వేడిని మోసుకెళ్ళి కూలర్‌లో వదలాల్సిందీ అదే. ఒక్క ఉద్యోగికి నాలుగు డిపార్టుమెంట్లు అప్పగించినట్టన్నమాట.

దీనికో చిత్రమైన చరిత్ర ఉంది. జనరల్ మోటార్స్ వాళ్ళు హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సును 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో మార్కెట్లోకి తెచ్చారు. ఆ తొలి దశాబ్దాల్లో గేర్ ఆయిల్‌లో క్లచ్ పలకలు సరిగ్గా పట్టడం కోసం స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చాక దానికి బదులుగా రసాయనాలు వెతకాల్సి వచ్చింది. మనం సీసాల మీద చూసే డెక్స్రాన్ అనే పేరు కింద ఎన్నో తరాల ఆయిళ్ళు వచ్చాయి. డెక్స్రాన్-3 పోయి 2006 మోడళ్ళ నాటికి డెక్స్రాన్-6 వచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గేర్ ఆయిల్ అంటే ఏదో ఒక ఎర్ర నూనె కాదు. మాన్యువల్‌లో ఏ రకం రాస్తే ఆ రకమే పొయ్యాలి.

కొత్త ఆయిల్ దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. పాతబడే కొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. మాడిన వాసన వచ్చిందంటే క్లచ్ పలకలు కాలుతున్నట్టే.

దాని ప్రధాన శత్రువు వేడి. మామూలుగా 80, 90 డిగ్రీల దగ్గర అది హాయిగా పనిచేస్తుంది. ఆ పైన ప్రతి పది, పన్నెండు డిగ్రీలకీ ఆయుష్షు సగానికి పడిపోతుందని మెకానిక్కుల ఉజ్జాయింపు లెక్క. ఇక మన ఊరి సంగతి చూడండి. 2000ల నాటి షెవర్లే ట్రక్కుల ఓనర్స్ మాన్యువల్ తెరిస్తే, బయటి ఉష్ణోగ్రత తరచు 32 డిగ్రీలు దాటే ఊళ్ళో రద్దీ ట్రాఫిక్‌లో నడిపితే దాన్ని కఠిన వాడకంగా లెక్కగట్టి, 83,000 కిలోమీటర్లకు గేర్ ఆయిల్ మార్చమని ఉంటుంది. 32 డిగ్రీలట! దోహాలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అది సర్వసాధారణం. దానికి తోడు వారాంతాల్లో సీలైన్ ఇసుక దిబ్బలు. ఇసుకలో చక్రం కూరుకుపోయి ఇంజన్ గట్టిగా అరుస్తోందంటే, ఆ శక్తిలో చాలా భాగం టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్‌ని కాచడానికే పోతోందని అర్థం.

మరి "జీవితకాలం ఆయిల్" మాటో? ఎవరి జీవితకాలం అన్నదే ప్రశ్న. జర్మనీలో జెడ్‌ఎఫ్ అనే కంపెనీ ఎన్నో ఖరీదైన కార్లకు గేర్‌బాక్సులు తయారు చేస్తుంది. ఆ కార్ల కంపెనీలు కొన్ని ఆయిల్ మార్చనక్కర్లేదంటాయి. గేర్‌బాక్సు తయారు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు, మార్చమంటుంది. కన్నతల్లి మాట వినాలో, పక్కింటివాళ్ళ మాట వినాలో మీరే తేల్చుకోండి.

జెక్రీత్ దారిలో

2017 మే మొదటి వారం. మా అమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. తిరుగు ప్రయాణానికి ముందు ఏదైనా చూపిద్దామని శుక్రవారం పొద్దున్నే జెక్రీత్ తీసుకెళ్ళాం. దుఖాన్ హైవే మీద దోహా నుంచి పడమటికి 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గాలికి కోసుకుపోయి పుట్టగొడుగుల్లా నిలిచిన సున్నపురాళ్ళు, ఎడారి మధ్యలో రిచర్డ్ సెర్రా నిలబెట్టిన నాలుగు ఉక్కు పలకలు. "ఇనప రేకులు చూడ్డానికి ఇంత దూరం తీసుకొచ్చావా?" అంది అమ్మ. పిల్లలు పడీ పడీ నవ్వారు.

తిరిగి వచ్చేటప్పుడు మట్టిదారిలో ఒకచోట మెత్తటి ఇసుకలో దిగబడ్డాం. ముందుకీ వెనక్కీ ఊపి ఊపి పావుగంటకి బయట పడ్డాను. హైవే ఎక్కాక కాసేపటికి ఇంజన్ స్పీడు పెరుగుతోంది, బండి పెరగడం లేదు. యాక్సిలరేటర్ తొక్కితే అరుపే తప్ప కదలిక లేదు. పక్కకు లాగి ఆపేసరికి కింద నుంచి తెల్లటి పొగ. కాగిపోయిన ఆయిల్ పొంగి సైలెన్సర్ గొట్టం మీద పడుతోంది. అంటుకుంటుందేమోనన్న భయంతో ఇంజన్ ఆపేశాను. ఇంజన్ ఆగితే ఏసీ ఆగింది. బయట 40 డిగ్రీలు దాటింది.

రికవరీ బండి రావడానికి గంటన్నర పడుతుందన్నారు. అందర్నీ దింపి రోడ్డుకి దూరంగా బండి నీడలో కూర్చోబెట్టాం. అమ్మ ముఖం ఎర్రబడి, చెమటలు ఆగి, మాట తగ్గిపోతుంటే నాకు కాళ్ళు చల్లబడ్డాయి. అంతలో ఒక ఖతారీ కుటుంబం ఆగింది. ఏమీ అడక్కుండానే నీళ్ళ పెట్టె ఇచ్చి, అమ్మనీ పిల్లలనీ తమ బండిలో ఏసీలో కూర్చోబెట్టారు. అరగంటకి అమ్మ తేరుకుంది. ఆయన పేరు కూడా నేను అడగలేదు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

రాత్రి ఇంటికి చేరాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "నూనె మార్చలేదా నాయనా?"

మార్చడం కష్టమమ్మా, కింద మర లేదు, డబ్బా మొత్తం విప్పాలి అని చెప్పాను.

"మీ నాన్న బావి దగ్గర ఆయిలింజనుకి ఏటా నాట్లకు ముందు మార్చేవారు. కింద మర తిప్పితే నల్లగా కారి పళ్ళెంలో పడేది. నువ్వే పళ్ళెం పట్టుకునేవాడివి. లేకపోతే పెట్టించుకోవాలిగానీ, మానేస్తారా?"

అంతే. లేకపోతే పెట్టించుకోవాలి. ఇంజనీరింగ్ చదివిన నాకు తట్టని సంగతి!

గేర్‌బాక్సు బాగుచెయ్యడానికి 5,500 రియాళ్ళయింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

కంపెనీ వాళ్ళు ఎందుకు పెట్టలేదు?

గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే రేకు పళ్ళేన్ని పాన్ అంటారు. టయోటా, హోండా బండ్లలో చాలావాటికి దీనికో గేర్‌బాక్సు బాడీకో డ్రెయిన్ ప్లగ్ ఫ్యాక్టరీ నుంచే ఉంటుంది. అమెరికన్ ట్రక్కుల్లో, ఎస్‌యూవీల్లో చాలావాటికి ఉండదు. కారణాలు రెండు. ఒకటి, ఖర్చు. ఒక బోల్టు, ఒక నట్టు, ఒక వెల్డింగు అంటే మనకు కొన్ని రియాళ్ళే, లక్షల బండ్లకు లెక్కేస్తే వాళ్ళకు పెద్ద మొత్తం. పైగా ప్రతి రంధ్రమూ లీకు కాగల ఒక చోటు. రెండోది కొంత సబబైన వాదన. పాన్ లోపల ఫిల్టరు ఉంటుంది, ఇనప రజను పట్టే అయస్కాంతం ఉంటుంది. వాటిని చూడాలంటే ఎలాగూ పాన్ విప్పాల్సిందే కదా అని.

వాదన బాగానే ఉంది. కానీ ఫలితం ఏమిటి? ఫిల్టరు మార్చడం కోసం ప్లగ్ మానేస్తే, చివరికి ఫిల్టరూ మారలేదు, ఆయిలూ మారలేదు. ప్లగ్ లేని పాన్ విప్పడం అంటే నిండు పాయసం గిన్నెని తలకిందుల మంచం మీద పడుకుని దించడం లాంటిది. ఒక మూల బోల్టులు వదులు చేస్తే ఆయిల్ ఎటు నుంచి కారుతుందో దేవుడికే తెలియాలి. ప్లగ్ ఉంటే ముందు ఆయిల్ దించేసి, ఫిల్టరు మార్చాల్సినప్పుడు ఖాళీ పాన్‌ని శుభ్రంగా విప్పుకోవచ్చు.

మొదటి ప్రయత్నం: నేను చేసిన పొరపాటు

గేర్‌బాక్సు బాగవుతున్నప్పుడు పాన్ బయటే ఉంది కాబట్టి అప్పుడే ప్లగ్ పెట్టిద్దామనుకున్నాను. స్పేర్ పార్టుల కొట్లో 60 రియాళ్ళకు ఒక కిట్ దొరికింది. మధ్యలో బోలుగా ఉన్న ఒక బోల్టు, దానికి లోపలి వైపు నట్టు, రెండు వైపులా వాషర్లు, ఆ బోలు మూసే చిన్న ప్లగ్. పాన్‌కి అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్ల రంధ్రం చేసి బిగించడమే. వెల్డింగ్ అక్కర్లేదు.

ఇక్కడో మాట. రేకుకే నేరుగా మరలు కోసి బోల్టు బిగిస్తే పోలేదా అని కొందరడుగుతారు. పోదు. రేకు మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. సాధారణ బోల్టు మరకీ మరకీ మధ్య దూరమే ఒకటిన్నర మిల్లీమీటర్లు. అంటే పట్టేది ఒక్క చుట్టు! రెండుసార్లు విప్పితే అది కూడా ఊడుతుంది. అందుకే లోపల నట్టయినా ఉండాలి, లేదా మందపాటి ముక్క వెల్డింగ్ అయినా చెయ్యాలి.

నేను చేసిన పొరపాటు చోటు ఎంచుకోవడంలో. ఆయిల్ మొత్తం దిగాలంటే అన్నిటికంటే కింద ఉండాలి కదా అని పాన్ నడిమధ్య పెట్టమన్నాను. రెండు చిక్కులొచ్చాయి. ఒకటి, అక్కడ రేకు చదునుగా లేదు, బలం కోసం గట్లు నొక్కి ఉన్నాయి. వాషర్ పూర్తిగా కూర్చోలేదు. రెండోది, బోల్టు తల ఒకటిన్నర సెంటీమీటర్లు కిందికి పొడుచుకొచ్చింది. ఇసుకలోనో, రాయి మీదో బండి అడుగు తగిలితే మొదట దెబ్బ తినేది అదే.

పది రోజుల్లో మా బిల్డింగ్ నాతూర్ వచ్చి, "సార్, మీ బండి కింద ఎర్రగా మరక," అన్నాడు. చూస్తే ఐదు రూపాయల బిళ్ళంత. లీకు ఆపాలని ఇంకాస్త బిగించాను. వాషర్ నలిగి మరక పెద్దదయింది. జెక్రీత్ దారిలో అమ్మ ముఖం మళ్ళీ కళ్ళ ముందు కనిపించింది. ఆయిల్ మార్చకపోవడం వల్ల నాలుగేళ్ళకు చెడితే, సరిగ్గా పెట్టని ప్లగ్ వల్ల నాలుగు వారాల్లో చెడుతుంది. రెండో అవకాశం బండి ఇచ్చింది, మూడోది ఇవ్వదు.

రెండో ప్రయత్నం: సరిగ్గా

ఈసారి సనయ్యలోనే పాతికేళ్ళ అనుభవమున్న ఒక వెల్డర్ దగ్గర కూర్చుని చేయించాను. పాత రంధ్రం ఉన్న పాన్ పక్కన పెట్టి, స్క్రాప్ నుంచి ఇంకో పాన్ తెచ్చాం. ఆయన దగ్గర నేర్చుకున్నవి ఇవి:

1. పాన్ బండికి ఉండగా ఎప్పుడూ రంధ్రం చెయ్యకూడదు. డ్రిల్లు రజను లోపలికి పోతే వాల్వుల సన్నటి దారుల్లో ఇరుక్కుంటుంది. విప్పాలి, చెయ్యాలి, కడగాలి.

2. చోటు: పాన్ వెనక గోడ కింది భాగం. నేల వైపు కాదు, వెనక్కి చూస్తూ ఉండాలి. ముందు నుంచి వచ్చే రాయి, ఇసుక దాన్ని తాకవు. కొద్దిగా ఆయిల్ అడుగున మిగిలిపోతుంది, ఫరవాలేదు. బండి ముందు భాగాన్ని కాస్త ఎత్తితే అదీ తగ్గుతుంది. సైలెన్సర్ గొట్టం, క్రాస్ మెంబర్ అడ్డు రాకుండా, స్పానర్ తిరిగే జాగా ఉందో లేదో ముందే చూసుకోవాలి.

3. లోపల జాగా: ఫిల్టరు పాన్ అడుగుకి చాలా దగ్గరగా ఉంటుంది. లోపలికి వచ్చే నట్టు గానీ వెల్డింగ్ ముక్క గానీ దానికి తగలకూడదు, ఆయిల్ పీల్చే దారి మూయకూడదు. చూడ్డానికి సులువైన పద్ధతి: చపాతీ పిండి ముద్దని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి నట్టు మీద పెట్టి, పాన్‌ని ఉత్తినే ఎక్కించి దించడం. ముద్ద ఎంత నలిగిందో చూస్తే ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. "చపాతీ పిండి గేర్‌బాక్సుకు పెట్టే మనిషిని మిమ్మల్నే చూశా," అంది మా ఆవిడ.

4. వెల్డింగ్: వేడికి పాన్ అంచు వంగితే గాస్కెట్ ఎప్పటికీ కూర్చోదు. అందుకే పాన్‌ని మందపాటి ఇనప పలకకు బోల్టులతో బిగించి, కొంచెం కొంచెంగా ఆపి ఆపి వెల్డింగ్ చేశాడాయన. చల్లారాక అంచుని చదునైన బల్ల మీద పెట్టి చూశాం.

5. పరీక్ష: బయట వెల్డింగ్ చుట్టూ సుద్దముక్కతో తెల్లగా రుద్ది, పాన్‌లో కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచాం. కిరోసిన్ ఎంత సన్నటి పగులు నుంచైనా చొచ్చుకొస్తుంది, వస్తే సుద్ద తడిసి కనిపిస్తుంది. పొద్దున్నకి సుద్ద పొడిగా ఉంది. నా మొదటి ప్లగ్‌కి ఈ పరీక్ష చేసి ఉంటే మరక మా పార్కింగులో కాకుండా గ్యారేజీలోనే కనిపించేది.

6. శుభ్రం: రజను, మసి, కిరోసిన్ ఏదీ మిగలకుండా కడిగి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడవాలి. అయస్కాంతాన్ని తిరిగి దాని చోట పెట్టాలి. సన్నటి బూడిద రంగు పేస్టులా ఉంటే మామూలు అరుగుదల. ఇనప ముక్కలు కనిపిస్తే ఆ గేర్‌బాక్సుకు ప్లగ్ కాదు, పెద్ద వైద్యం కావాలి.

7. బిగింపు: పాన్ బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, టార్క్ రెంచితో. జనరల్ మోటార్స్ 4ఎల్60-ఇ గేర్‌బాక్సు పాన్ బోల్టుకు 11 న్యూటన్ మీటర్లు మాత్రమే చెబుతారు. అంటే మణికట్టు బలం, భుజబలం కాదు. ప్లగ్‌కి ప్రతిసారీ కొత్త వాషర్ వెయ్యాలి. కారుతోందని ఇంకా ఇంకా బిగించడం నా లాంటి వాళ్ళు చేసే పని.

ఒక్కసారి మారిస్తే సరిపోతుందా?

ఇక్కడే ప్లగ్ అసలు ఉపయోగం బయట పడుతుంది. పాన్ ఖాళీ చేస్తే మొత్తం ఆయిల్ రాదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. అదే 4ఎల్60-ఇని ఉదాహరణగా తీసుకుంటే, పెద్ద కన్వర్టర్ ఉన్నదానికి మొత్తం సుమారు 10.6 లీటర్లు పడుతుంది. పాన్ విప్పితే దిగేది సుమారు 4.7 లీటర్లే. అంటే ఒకసారి మారిస్తే కొత్త ఆయిల్ 44 శాతమే.

సాంబారులో ఉప్పెక్కువైతే కొంత తీసేసి నీళ్ళు కలిపినట్టు ఆలోచించండి. ఒకసారి మార్చాక పాతది 56 శాతం మిగులుతుంది. వారం పది రోజులు నడిపి, అంతా కలిశాక మళ్ళీ మారిస్తే పాతది 31 శాతం. మూడోసారికి 17 శాతం. అంటే మూడు దఫాల్లో 83 శాతం కొత్త ఆయిల్. ప్లగ్ లేకపోతే మూడుసార్లు పాన్ విప్పడం, మూడు గాస్కెట్లు, మూడు సగం రోజులు. ఎవరు చేస్తారు చెప్పండి? ప్లగ్ ఉంటే ఒక్కో దఫా ఇరవై నిమిషాలు. మిషను పెట్టి ఒత్తిడితో పాత ఆయిల్‌ని తోసేసే పద్ధతి కూడా ఉంది గానీ, బాగా పాతబడిన గేర్‌బాక్సులో అడుగున పేరుకున్న మడ్డి కదిలి ఎక్కడో ఇరుక్కుంటుందన్న భయం ఉంటుంది. నెమ్మదిగా, దఫాలుగా మార్చడమే నాకు నచ్చింది.

పోసేటప్పుడు ఒక్క నియమం: ఎంత దిగిందో కొలిచి, అంతే పొయ్యాలి. ఆ తర్వాత ఇంజన్ నడుస్తుండగా, గేర్ లివర్ ఏ స్థానంలో ఉండాలో మాన్యువల్‌లో చూసి, ఆయిల్ వేడెక్కాక డిప్‌స్టిక్‌తో సరిచూడాలి. తక్కువైతే గాలి పీలుస్తుంది, ఎక్కువైతే నురగ కడుతుంది, రెండూ హానే. దించేటప్పుడు గోరువెచ్చగా ఉండనివ్వండి. అప్పుడే ఆపిన బండిలో ఆయిల్ చర్మం కాల్చేంత వేడిగా ఉంటుంది. బండి కింద దూరే ముందు జాకీని నమ్మకండి, గట్టి స్టాండ్లు పెట్టండి. పాత ఆయిల్‌ని ఇసుకలోనో కాలవలోనో పొయ్యకుండా గ్యారేజీలో వాడిన ఆయిల్ పోసే డ్రమ్ములోనే పొయ్యండి.

ఎవరికి వద్దు?

వారంటీలో ఉన్న బండికి, కంపెనీ లీజు బండికి ఈ పని జోలికి పోవద్దు. పాన్ ప్లాస్టిక్‌తో చేసినదైతే, ఫిల్టరు అందులోనే కలిసి ఉంటే రంధ్రం మాటే వద్దు. వాటిలో చాలావాటికి ప్లగ్ ముందే ఉంటుంది, వెతకండి. డిప్‌స్టిక్ లేని కొత్త రకాల్లో ఆయిల్ మట్టం ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర చూడాలి, అది సరైన స్కానర్ ఉన్నవాళ్ళ పని. కొన్ని మోడళ్ళకు ప్లగ్ ఉన్న పాన్ రెడీమేడ్‌గా దొరుకుతుంది. దొరికితే వెల్డింగ్ కంటే అదే మేలు. ఇప్పటికే గేర్లు జారుతూ, ఆయిల్ మాడు వాసన వేస్తుంటే కొత్త ఆయిల్ దాన్ని బతికించదు. ప్లగ్ ముందుజాగ్రత్తే గానీ మందు కాదు.

చివరిగా

ఆ రెండో ప్లగ్ ఒక్క చుక్క కారలేదు. ప్రతి రెండేళ్ళకూ చలికాలంలో మూడు దఫాలుగా ఆయిల్ మార్చాను. రెండోసారి ఖాళీ పాన్ విప్పి ఫిల్టరు కూడా మార్పించాను. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎన్ని లీటర్లు, ఏ రకం అన్నది ఒక చిన్న నోటుబుక్కులో రాసి గ్లవ్ బాక్సులో పెట్టాను.

2022లో ముంతజాలోనే ఇంకో తెలుగు కుటుంబానికి ఆ బండి అమ్మాను. ఇస్తిమారా కాగితాలతో పాటు ఆ నోటుబుక్కూ ఇచ్చి, బండి కిందికి టార్చి వేసి ప్లగ్ ఎక్కడుందో చూపించాను. నేను కొన్నప్పుడు నాకు ఎవరూ చూపించలేదు, చూపించడానికి అక్కడేమీ లేదు కూడా.

ఆ మరుసటి సంవత్సరం జనవరిలో ఆ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, గేర్ ఆయిల్ మార్పించాం. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. గ్యారేజీ వాడు ఈ ప్లగ్ ఎవరు పెట్టించారని అడిగాడు."

మా అమ్మ పెట్టించిందని చెప్పమన్నాను.